వాకిటి ముందరి చెట్టు

ధర్మశాస్త్రకారులు గృహస్థుని సత్కర్మములను ఇష్టము, పూర్తము అని రెండు తెఱగులుగా విభజించిరి. అగ్నిహోత్రము, వైశ్వదేవము, అతిథిపూజ మున్నగునవి ఇష్టములు. బావులు, చెఱువులు త్రవ్వించుట, దేవాలయములు కట్టించుట, అన్నము పెట్టుట, తోటలు వేయుట పూర్తములు. ఇష్టమునకు అధికారనియమములు పెక్కు కలవు. పూర్తమునకు అట్టివి లేవు. వేదాధ్యయనము చేసినవాడును, చేయనివాడును, స్త్రీలును, పురుషులును అందఱును అందుకు అధికారులే. చెఱువు త్రవ్వింప ధనము వలయును. గుడి కట్టింప అంతకంటె ఎక్కువ వలయును. చెట్టు నాటుటకు మాత్రము గునపమును, కుండెడు నీరును, కొంత ఓపికయు చాలును. కనుక సామాన్యగృహస్థునకు అందుబాటులో నున్న పూర్తధర్మము వృక్షారోపణమే.

పెరటిలో నాటిన చెట్టు తనది. పొలముగట్టున నాటినదియు తనదే. ఇంటి వాకిటికిని రోడ్డునకును నడుమ మూడు నాలుగడుగుల నేల యొకటి యుండును. పట్టణములలో ఫుట్‌పాతునకును తారురోడ్డునకును నడుమ అది సన్నని పట్టెవలె కనబడును. గ్రామములలో మురుగుకాలువ దాటిన వెంటనే వచ్చు రోడ్డు మార్జిను అదియే. కాగితములలో ఆ నేల పంచాయతీదో, రోడ్లు భవనముల శాఖదో అయి యుండును. కాని ప్రతిదినమును దానిని ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టునది ఆ యింటి ఇల్లాలు. కావున అది తమదే యను భావము ఇంటివారికి సహజముగా కలుగును. అచ్చట నాటిన మొక్క ఎవరిది? ఎవరికొఱకు నాటవలెను? చూచుటకు అల్పముగా తోచు ఈ ప్రశ్నలో స్వత్వము, త్యాగము, సేవ అను మూడును చిక్కువడి యున్నవి.

ఏలూరు జిల్లా మెట్టసీమలోని కామవరపుకోటను తీసికొందము. ఎఱ్ఱనేలలు, మామిడి, జీడిమామిడి, పామాయిలు తోటలు గల ప్రాంతమది. అక్కడినుండి ద్వారకాతిరుమల దూరము కాదు. ఒకే విమానము క్రింద రెండు మూలమూర్తులతో వెలసిన ఆ చిన్నతిరుపతి స్వామికి సంవత్సరమునకు రెండు పర్యాయములు బ్రహ్మోత్సవములు జరుగును. అందొకటి వైశాఖమున, ఒకటి ఆశ్వయుజమున. వైశాఖమనగా రోహిణికార్తె ఎండలకు ముందుమాట. ఆ దినములలో మధ్యాహ్నమునకు తారురోడ్డు పెనము వలె కాలును. మ్రొక్కుబడి ఉన్నవారు చెప్పులు లేక నడతురు. ఆ పాదములను తలచుకొని వాకిటి ముందరి నేలను చూచినచో, ఏమి నాటవలెనను ప్రశ్నకు సగము సమాధానము దొరకును. వైశాఖమున నిండుగా ఆకు గల చెట్టు వలయును.

ఈ యొక్క నియమముతోనే చాల చెట్లు తేలిపోవును. ఎఱ్ఱతురాయి చెట్టు పూచినపుడు అగ్నిజ్వాలవలె శోభిల్లును. కాని మడగాస్కరు ద్వీపమునుండి వచ్చిన ఆ చెట్టు వేసవి తొలిదినములలో ఆకు రాల్చి మోడై నిలుచును. పెనుగాలి వీచినచో దాని కొమ్మలు పెళుసుగా విఱుగును. కండ్లకు పండుగ, కాళ్లకు ఎండ. వేపయు, కానుగయు అట్లుగాక చైత్రమునకు క్రొత్త చిగురు దాల్చి, ఎండలు ముదురు నాటికి దట్టముగా నుండును. కానుగ నీడ మిక్కిలి చల్లన. దాని గింజలనుండి నూనె వచ్చును. దాని ఆకును రైతులు పచ్చిరొట్టగా మడులలో త్రొక్కుదురు. మెట్టనేలలో వేప నిశ్చింతగా పెరుగును. అదే వేపను కొల్లేటి దిక్కున నీరు నిలుచు పల్లపునేలలో నాటినచో వేళ్లు కుళ్లి చచ్చును. అక్కడ కానుగయో, తెల్లమద్దియో తట్టుకొనును. దేశకాలములను బట్టియే ధర్మమని పెద్దలు చెప్పినది మొక్కల విషయమునను నిజము.

ఇంటివారి కోరిక సాధారణముగా వేఱు. వైష్ణవగృహములలో ప్రాతఃకాలమున పూవులు వలయును. నందివర్ధనము, గన్నేరు, మందారము, పారిజాతము వాకిట నుండినచో పూజకు చేతికందును. ఇందు తప్పేమున్నదని ఎవరైనను అడుగుదురు. స్వామికొఱకు పెంచినది స్వార్థమెట్లగును? తిరుమలలో పూచిన ప్రతిపుష్పమును స్వామిదేయని, భక్తులు తలలో పూవు తుఱుముకొనరాదని నియమమున్నది గదా! ఈ యాక్షేపము తోసిపుచ్చదగినది కాదు.

అయితే పూలమొక్క వీధిలో నిలువవలెనన్న మేకలనుండి, దారిపోవువారి చేతులనుండి దానిని కాపాడవలెను. అందులకు ఇంటివారు ముందు నాలుగు ముళ్లకంపలు పెట్టుదురు. పిమ్మట కఱ్ఱలు పాతి తీగ చుట్టుదురు. కొన్నాళ్లకు రెండు వరుసల ఇటుక లేచును. అంతట ఆ నాలుగడుగుల నేల నడచువారికి లేకుండ పోవును. తలమీద మూటతో వచ్చు ముసలమ్మ, చంకలో బిడ్డతో వచ్చు తల్లి, లారీలు పోవు తారుమీదికి దిగి నడువవలసినదే. స్వామికి ఒక దోసెడు పూవులు దొరకెను. స్వామిని చూడవచ్చువారి మార్గము లారీచక్రముల ప్రక్కకు జరిగెను. ఇది నేడు ఏ ఊరి వీధిలోనైనను కానవచ్చు దృశ్యమే.

రామానుజులవారి ఆజ్ఞను శిరసావహించి తిరుమలకు వెడలిన అనంతాళ్వారుల చరిత్ర ఆస్తికలోకమునకు తెలిసినదే. స్వామి పుష్పకైంకర్యమునకై ఆయన స్వయముగా గునపము పట్టి చెఱువు త్రవ్వి, నందనవనమును పెంచెను. నిండుచూలాలైన భార్య మన్ను మోయుచుండగా బాలకుని రూపమున సాయము చేయవచ్చిన స్వామినే, తన సేవలో పాలు పంచుకొన వచ్చినాడని గునపముతో కొట్టెను. స్వామి చుబుకమున నేటికిని పచ్చకర్పూరము పెట్టుటకు ఆ కథయే కారణమని సంప్రదాయము. ఇందు గమనింపవలసినదేమనగా, అనంతాళ్వారులు తోటకై ప్రత్యేకముగా నేలను సిద్ధముచేసెను. యాత్రికులు కొండకెక్కు త్రోవను తోటగా మార్చలేదు. పూలసేవ పరులకు చోటియ్యని సేవయైనను దోషము లేదు. ఎవరి తోట వారిది, ఎవరి శ్రమ వారిది. దానికి పెరడు తగిన చోటు. త్రోవప్రక్కన చేయదగిన సేవ అట్టిది కాదు. అక్కడ ఎవరు వచ్చినను పాలుపంచుకొనవలెను.

మఱియు వైష్ణవసంప్రదాయమున భగవత్కైంకర్యమునకు పరమావధి భాగవతకైంకర్యము. మధురకవియాళ్వారు దేవుని వెదకుచు పోయి, తిరుక్కురుగూరులో చింతచెట్టు తొఱ్ఱలో కూర్చున్న నమ్మాళ్వారులను కనుగొని, ఇక వేఱు దైవమును ఎఱుగనని ఆయన పాదములనే ఆశ్రయించెను. చింతచెట్టు నీడ మంచిది కాదని, దయ్యముల నెలవని జనులనుకొందురు. ఆళ్వారులలో మిన్నయైన మహనీయునకు ఇల్లైనది ఆ చెట్టే. ఆ చెట్టును ఆదిశేషుని అవతారముగా సంప్రదాయజ్ఞులు సేవింతురు. ద్వారకాతిరుమల త్రోవలో మండుటెండలో నడచువాడు భాగవతుడే. అతని అరికాలికి నీడ పట్టినవాడు పుష్పమాల సమర్పించినవానికి ఏ విధముగను తీసిపోడు.

ఇక త్యాగము మాట. దానమునకును ఉత్సర్గమునకును శాస్త్రకారులు భేదము చెప్పిరి. దానమందు దాత తన స్వత్వమును వదలును, ప్రతిగ్రహీతకు స్వత్వము కలుగును. గోవు ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి పోవును. ఉత్సర్గమందు స్వత్వమును వదలుట మాత్రమే కలదు. తీసికొనువాడు ఇతడని లేదు. సర్వభూతములకును అని సంకల్పించి చెఱువును, తోటను విడిచిపెట్టుదురు. వీధివాకిట నాటిన చెట్టు ఈ రెండవ తెగలోనిది. నీరు పోసినది తానైనను, దాని నీడకు ఇంతమందియే అర్హులని నిర్ణయించు హక్కు తనకు లేదు. దానిక్రింద కూరలబండి నిలుపుకొన్నవానిని కసరుటకు లేదు. మన చట్టమును చిత్రముగా ఈ మాటకే వచ్చినది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమును జనులు వాల్టా యందురు. దానిని బట్టి చెట్టు కొట్టుటకు అనుమతి వలయును. నాటినవాడనైనను నా యిష్టమువచ్చినట్లు నఱకుదునని పలుకుటకు వీలులేదు.

అశోకచక్రవర్తి తన రాజ్యకాలపు ఇరువదియేడవ సంవత్సరమున చెక్కించిన యేడవ స్తంభశాసనమున, పశువులకును మనుష్యులకును నీడనిచ్చుటకై బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితినని, మామిడితోటలు వేయించితినని చెప్పుకొనెను. ఆ స్తంభము నేడు ఢిల్లీలో నున్నది. అంతతో ఆగక, ఇట్టి సౌఖ్యములు పూర్వరాజులును కల్పించిరని, ఇది చిన్నపనియేయని, జనులు ధర్మమును అనుసరింపవలెననియే తానిది చేసితినని అతడు చేర్చెను. నాటించినవాడే దానిని చిన్నపని యనుట మెచ్చదగినది. ఆ ధర్మము నాశ్రయించిన భిక్షువులు క్రీస్తుపూర్వము రెండవ శతాబ్ది ప్రాంతమున కామవరపుకోట మండలములోని గుంటుపల్లి కొండపై గుహలు తొలిపించుకొనిరి. అక్కడి గుండ్రని చైత్యమున పైకప్పు రాతిలో, వాసాలు పఱచిన గుడిసె లోకప్పు వలె చెక్కబడినది. రాతిని మలచినవారికి కూడ కఱ్ఱయే ఆదర్శమైనదన్నమాట.

పశువులను శాసనము ముందుగా పేర్కొనుటను విడువరాదు. గన్నేరు స్వామికి ప్రియమైన పుష్పమే. కాని దాని ఆకు, కొమ్మ, బెరడు అన్నియు విషము. పచ్చిగా నున్నపుడు పశువు దానిని ముట్టదు. నఱకి పడవేసిన కొమ్మలు వాడిన పిమ్మట తెలియక మేసి చచ్చును. పశువులు తిరుగు ఊరివీధిలో దానికి తావులేదు. తులసిని వీధిలో నాటుట మఱియొక భ్రమ. కుక్కలు తిరుగుచు, తాంబూలములు ఉమియుచున్న చోట ఆ తల్లిని నిలుపుట భక్తి కాదు. కోటకట్టి ముంగిట పూజించుటయే న్యాయము. పారిజాతము సంగతియు కొంత చింతింపదగినదే. నేలరాలిన పూవును ఏరి సమర్పించుటకు దానికొక్కదానికే మినహాయింపు కలదు. ఆ పూవులు తెల్లవాఱుసరికి రోడ్డుమీద పఱచుకొని చక్రములక్రింద నలుగును. దానిని పెరటిలో పెంచి, రాత్రివేళ క్రింద గుడ్డ పఱచు ఇల్లాండ్రు తెలివిగలవారు.

రావి విషయమున భక్తులకు కోపము వచ్చినను ఒక మాట చెప్పక తప్పదు. మూడడుగుల పట్టెలో రావినిగాని మఱ్ఱినిగాని నాటువాడు పుణ్యము తాను మూటకట్టుకొని, చిక్కును మనుమనికి వదలుచున్నాడు. ముప్పది యేండ్లకు దాని వేరు గోడను చీల్చును, కాలువను ఎత్తును, కొమ్మలు కరెంటుతీగలను త్రాకును. అప్పుడు మనుమడు ఇల్లు కూలనీయవలెను, లేదా అశ్వత్థచ్ఛేదనమునకు ఒడిగట్టవలెను. నరకమును చూడకుండుటకు నాటవలసిన చెట్లను లెక్కించిన పూర్వుల మాట యొకటి ప్రసిద్ధము. అందు రావి ఒకటి, వేప ఒకటి, మఱ్ఱి ఒకటి, చింతలు పది, వెలగ మారేడు ఉసిరికలు మూడు, మామిళ్లు ఐదు. రావిని, మఱ్ఱిని ఒక్కొక్కటియే చెప్పి చింతలను పది చెప్పుటలో ఆ చెట్ల విస్తారమును, వాటికి వలయు తావును ఎఱిగిన రైతుబుద్ధి గోచరించుచున్నది. రావికి చెఱువుగట్టో, గుడి ఆవరణమో, రచ్చబండయో తగిన స్థానము. చింతకైనను ఊరిబయట వెడలుపైన మార్జిను వలయును.

తొందరపాటువలన వచ్చిన కీడు వేఱొకటి. నాటిన యేడాదికే గోడవలె పచ్చగా నిలుచునని కోనోకార్పస్ అను విదేశవృక్షమును పట్టణముల వీధులవెంట, ఇండ్లస్థలముల లేఅవుట్లలో విరివిగా నాటిరి. దాని వేళ్లు నీటిగొట్టములలోనికి, మురుగుకాలువలలోనికి చొచ్చుననియు, పుప్పొడి శ్వాసకు కీడనియు ఫిర్యాదులు రాగా గుజరాతు ప్రభుత్వము 2023లోను, తమిళనాడు ప్రభుత్వము 2025లోను దానిని నాటరాదని ఆజ్ఞాపించినవి. ఫలము వెంటనే కానరావలెనను ఆశ కర్మను ఎట్లు చెఱచునో చూపుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకదు.

ఇఱుకైన వాకిటికి, తీగల క్రిందికి పొగడ చెట్టు మేలు. అనంతాళ్వారుల తోటలో వారి స్మృతిచిహ్నముగా సేవింపబడునదియు పొగడయే. అది నెమ్మదిగా పెరుగును, ఏడాది పొడవునను ఆకు నిలుపుకొనును, నీడ చిక్కన. దాని పూవులు వాడినను పరిమళము వీడవు. నాటినవాడు ముసలివాడైనచో దాని నిండునీడను చూడకపోవచ్చును.

అసలు చూచువాడెవడైనను ఉండునా అనియు సందేహము కలుగవచ్చును. చెన్నై కలకత్తా రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించిన కాలమున దారివెంట నున్న పెద్దచెట్లు కొట్టబడినవి. రేపు ఈ రోడ్డును వెడల్పు చేయుదురు, నేడు నాటుట వ్యర్థమని అనువారు కలరు. వారి మాట అబద్ధము కాదు. కాని పదునైదేండ్లు నిలిచిన కానుగ పదునైదు వైశాఖములు నీడ నిచ్చినట్లే. ఆ యాత్రికులు నడచిపోయిరి, వారి దర్శనములు అయినవి. పిదప చెట్టు పోయినంత మాత్రమున అది లేకపోలేదు. ఉత్సర్గము చేసినవానికి చెట్టుపై స్వత్వమే లేనపుడు, చెట్టు పోయినదను దుఃఖము ఉండవచ్చును గాని నష్టము లేదు.

నాటినపిదప మూడు వేసవులు గట్టెక్కించుటయే కష్టము. జూలై మాసమున వనమహోత్సవమని 1950 నుండి దేశమంతటను మొక్కలు నాటుచున్నారు; చైత్రమునకు వానిలో ఎన్ని బ్రదుకునో గుంతలు చూచిన తెలియును. ప్రక్కయింటివారితో మాటలాడుకొని, ఒకరు ఊరికి పోయినపుడు మఱియొకరు బిందెడు నీరు పోయునట్లు ఏర్పాటు చేసికొనవలెను. చుట్టును కంప వేయవచ్చును. ముండ్లు నడచువారి వైపు రాకుండ చూడవలెను. ఉత్సర్గము చేసినవాడు సర్వభూతములలో తానును ఒకడు గనుక, మిగిలినవారితో బాటు దానిని అనుభవింపవచ్చునని శాస్త్రమున నున్నది. కావున మండువేసవి మధ్యాహ్నమున ఆ చెట్టు మొదట యాత్రికులెవరో మూటలు తలక్రింద పెట్టుకొని పండుకొని యుండగా, ఇంటివాడు మిగిలిన నీడలో అరుగుప్రక్కగా కూర్చుండుటకు ఆక్షేపణ లేదు.