ఎవరి ఇజాజత్ కావాలి?

హైదరాబాదు ముస్లింలం గర్వంగా చెప్పుకునే వాటిల్లో ఫుట్‌బాల్ ఒకటి. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ దేశానికి మీరేమిచ్చారని అడిగేవాళ్లకి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్ల పేర్లు చెబుతాం. ఆ జాబితాలో ఒక్క ఆడపేరు లేదు. లేదని మాకు తోచను కూడా తోచదు.

ఉప్పల్ స్టేడియంలో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ ఆడుతున్నారు. పక్కనే నాచారం. ఫ్యాక్టరీలు, వాటిల్లో పనిచేసేవాళ్ల బస్తీలు. గల్లీ ఖాళీగా ఉంటే అది మగపిల్లల గ్రౌండు. ఆడపిల్ల ఆ గల్లీలోనే నడుస్తుంది, కిరాణా సామాను మోస్తుంది. ఆడదు. ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. హిందువుల ఇళ్లలోనూ ఇంతే. మా ఇళ్లలో దానికి మజహబ్ పేరు తగిలిస్తారు.

ప్రపంచమూ తక్కువ తినలేదు. పదహారేళ్లలోపు మగపిల్లలకి ప్రపంచ పోటీ 1985లో మొదలైంది. పదిహేడేళ్లలోపు ఆడపిల్లలకి 2008 దాకా రాలేదు. ఆ తలుపు తెరిచే రోజుల్లోనే మా పిల్లల ముందు మరో కాపలాదారు నిలబడ్డాడు. 2007లో కెనడాలో హిజాబ్ తీయనందుకు పదకొండేళ్ల పిల్లని మ్యాచ్‌లోంచి పంపేశారు. భద్రత అన్నారు. 2010 యూత్ ఒలింపిక్స్‌కి ఇరాన్ అమ్మాయిలని మొదట రావద్దన్నారు, తర్వాత టోపీలు పెట్టుకుని ఆడమన్నారు. 2014లో గానీ ఆ నిషేధం పోలేదు.

ఇంట్లో పెద్దమనిషి కప్పుకోకపోతే వెళ్లొద్దంటాడు. అక్కడి అధికారి కప్పుకుంటే రావొద్దంటాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఇద్దరి మాటా నెగ్గేది ఆ పిల్ల ఇంట్లో కూర్చున్నప్పుడే.

లౌకికవాద మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. పదిహేనేళ్ల పిల్ల 'నా ఇష్టం' అంటే అది నిజంగా ఆమె ఇష్టమేనా? న్యాయమైన ప్రశ్నే. అయితే ఇష్టం గదిలో కూర్చుంటే పుట్టదు. నలుగురిలో తిరిగి, పడి, లేచి, ఓడి, గెలిచిన పిల్లకే తనకేం కావాలో తెలుస్తుంది. కాబట్టి ముందు ఇష్టాన్ని రుజువు చేసుకో, తర్వాత గ్రౌండుకి రా అనడం తలకిందుల మాట. 2016లో జోర్డాన్‌లో పదిహేడేళ్లలోపు ప్రపంచ కప్ జరిగింది. ఆతిథ్య జట్టులో కొందరు తల కప్పుకుని ఆడారు, కొందరు కప్పుకోకుండా ఆడారు. జట్టు ఒకటే.

మజహబే అడ్డం అనేవాళ్లకి ఒక మాట. 2022లో అదే కప్ మన దేశంలో, భువనేశ్వర్, మడ్‌గావ్, నవీ ముంబైలలో జరిగింది. మనమ్మాయిలు మూడు మ్యాచ్‌లూ ఓడారు. పదహారు గోల్స్ ఇచ్చి ఒక్కటీ కొట్టలేకపోయారు. అందులో మూడు గోల్స్ మొరాకో ముస్లిం అమ్మాయిలు కొట్టినవి. 2025లో ఆ కప్ మొరాకోలోనే జరిగింది. అక్కడ అడ్డం రాని మజహబ్ నాచారంలోనే ఎందుకు అడ్డం వస్తుంది? అడ్డం వస్తున్నది మేం, మా మగతనం. దానికి తోడు ఆడపిల్లలకి గ్రౌండు ఇవ్వని సర్కారు.

నిజామాబాద్ లంబాడా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడింది. రహీం సాబ్ ఊళ్లో మా బిడ్డలకీ సాయంత్రం ఒక గంట, ఒక బంతి, ఒక జాగా ఇవ్వండి. తలమీద ఏముండాలో వాళ్లు చూసుకుంటారు.