వేట పోయిన తుపాకికి వెల ఎంత?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేటకిచ్చే లైసెన్సులు కూడా పోయాయి. అంటే వేట తుపాకికి పుట్టినప్పటి పని మన దేశంలో లేదు. వెల మాత్రం తగ్గలేదు సరికదా, 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతి కట్టడి కావడంతో పాత ఇంగ్లీషు సరుకుకు గిరాకీ పెరిగింది. పని లేని వస్తువుకు పెరిగిన ఆ వెల దేనిది? దాన్ని తీసుకునే హక్కు అమ్మేవాడికి ఉందా? నకరికల్లులో మా మామగారి తుపాకి అమ్మకం నా ముందుకు వచ్చినప్పటి నుంచి నేను దీని గురించే ఆలోచిస్తున్నాను.

అది బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ అండ్ స్కాట్ డబుల్ బ్యారెల్, 12 బోరు. బొల్లాపల్లి అడవి వైపు పందుల వేటకు వెళ్లే రోజుల్లో మామగారు వాడినది. ఆయన పోయాక లైసెన్సు మా బావమరిది పేరు మీదికి వచ్చింది. కొనడానికి వచ్చినాయన పక్క మండలం రైతు. ఆయనకూ లైసెన్సు ఉంది. బావమరిది లక్షన్నర అడిగితే మారు బేరమాడకుండా ఒప్పుకున్నాడు. ‘బావా, ధర న్యాయంగా ఉందని మీరొక మాటంటే ఖాయం చేసుకుంటాం’ అన్నాడు మావాడు.

ఏటా దసరాకి మామగారి పక్కన కూర్చుని నూనె పట్టించినవాణ్ణి కాబట్టి ఆ తుపాకి నాకు కొత్తది కాదు. లోపల తూటాలు లేవని చూసుకుని, మధ్యకు విరిచి, గొట్టాలు ఊడదీసి కిటికీ వెలుతురుకు పట్టాను. కుడి గొట్టం అద్దంలా ఉంది. ఎడమదానిలో మూతికి జానెడు లోపల తుప్పు తిన్న చిన్న గుంటలు. మళ్లీ బిగించి చెవి దగ్గర ఊపితే కీలు దగ్గర సన్నటి కదలిక. వాల్‌నట్ కర్ర మడమలో వెంట్రుకంత చీలిక ఉంటే మామగారే ఎప్పుడో లక్క పెట్టించారు. అన్నిటికంటే ముఖ్యమైంది, తూటా కూర్చునే గది 2½ అంగుళాలది. ఇప్పుడు దొరికే 2¾ అంగుళాల తూటా అందులో పెట్టి పేలిస్తే ఒత్తిడి మీరుతుంది, గొట్టం చీలినా చీలవచ్చు. ఇవన్నీ కొనేవాడికి విప్పి చెప్పకుండా ఏ ధర చెప్పినా అది మోసమే.

చెప్పాను. ఆయన సగం కూడా వినలేదు. ‘అవన్నీ ఎందుకు మాస్టారూ, నేను పేల్చేది లేదు. గట్టు తగాదా నడుస్తోంది. ఇంట్లో ఉందని అవతలివాడికి తెలిస్తే చాలు’ అన్నాడు.

లక్షన్నరలో పనితనానిది ఎంతో, భయానిది ఎంతో నాకు అక్కడే తెలిసిపోయింది. పల్నాడులో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. పందుల గురించి కాదు కదా ఆ జాగ్రత్త.

ఇద్దరూ ఇష్టపడ్డారు కాబట్టి ధర న్యాయమే అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మునిగిపోయేవాడు తాడుకి ఎంతైనా ఇస్తానంటాడు, అది ఇష్టం కాదు. కౌటిల్యుడు కూడా వర్తకుడి లాభాన్ని స్వదేశీ సరుకుకు నూటికి 5, పరదేశీ సరుకుకు 10 దగ్గర ఆపాడు. అవతలివాడి అవసరం ఎంత లోతుగా ఉంటే అంత లాగడానికి వీల్లేదని దాని భావం.

మహాభారతంలో జాజలి అనే తపస్వికి ధర్మం చెప్పిన తులాధారుడు త్రాసు పట్టిన వర్తకుడు. అందరికీ ఒకే తూకం వేశాడని ఆయన్ని మెచ్చుకుని ఊరుకుంటాం. ఆయన మద్యం అమ్మనన్న సంగతి మరిచిపోతాం. త్రాసు మీదికి ఏది ఎక్కాలన్నది కూడా ఆయన ధర్మంలో భాగమే. బుద్ధుడు ఉపాసకుడు చేయకూడదన్న ఐదు వ్యాపారాల్లో ఆయుధాలది ఒకటి. ఆ మాట నాగార్జునకొండ విహారాల్లో బోధించి ఉంటారని నా నమ్మకం. ఆ లోయను ముంచిన సాగర్ నీళ్లతోనే మా కుడి కాలువ పారుతోంది. మా గట్టు తగాదాలూ ఆ నీళ్లు పారే పొలాల మీదే.

బావమరిది ధర్మవ్యాధుణ్ణి ఎత్తాడు. మిథిలలో మాంసం అమ్ముతూనే ఆయన జ్ఞాని కాలేదా అని. మంచి ప్రశ్నే. కానీ ధర్మవ్యాధుడికి అది తాతతండ్రుల నుంచి వచ్చిన జీవనాధారం, తల్లిదండ్రులకు అన్నం పెట్టిన వృత్తి. బీరువాలో ఉన్న తుపాకి మా ఇంట్లో ఎవరికీ అన్నం పెట్టడం లేదు. ఆయుధానికి దండం పెట్టడం మనకు బాగా తెలుసు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఆయుధాలైన కొణతాలకు ఐదు రోజులు పూజలు జరుగుతాయి. వాటికి వెల కట్టాలని ఎవరికీ తోచదు.

అందుకని నా తీర్పు ఇలా చెప్పాను. ఈ తుపాకికి న్యాయమైన ధర ఉంది. ఈ అమ్మకానికి మాత్రం లేదు. లక్షన్నర కాదు, యాభై వేలకు ఇచ్చినా ఈయనకు అమ్మకూడదు. విజయవాడ డీలరు లోపాలన్నీ చూసి 80,000 ఇస్తానన్నాడు. ఇనుముకీ కర్రకీ పనితనానికీ అది తగిన వెల.

‘ధర్మం మీది, నష్టం నాదా బావా?’ అన్నాడు బావమరిది. న్యాయమైన మాట. తేడా 70,000లో సగం నేను భరిస్తానన్నాను. పక్కనుంచి మా ఆవిడ, ‘అది మా నాన్న తుపాకి, ఆ సగం నా వాటా’ అంది. డీలరుకు అమ్మే ఒప్పందం అలా కుదిరింది. అమ్మకానికి ముందు 45 రోజుల గడువుతో ఇవ్వాల్సిన సమాచారం రాసి స్టేషన్‌లో ఇచ్చాం.

ఆ రైతు మొహం ముడుచుకుని లేచాడు. ఆయన భయం అబద్ధం కాదు, దానికి మందు మా బీరువాలో లేదంతే. మర్నాడు ఆయన ఊరికి వెళ్లి, సర్వేయరు వచ్చి గట్టు కొలవాలని సచివాలయంలో ఇచ్చే ఎఫ్-లైన్ అర్జీ నేనే రాసిపెట్టాను. కాసేపు తటపటాయించి సంతకం పెట్టాడు.