సరే అన్నదెవరు?

మొన్న మా అక్క మనవడి అయిదో పుట్టినరోజుకి వెళ్ళాను. కేకు కోయడం, పిల్లల గోల అన్నీ అయ్యాక వాళ్ళమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"పిన్నీ, వీడప్పుడు నాకు ఆపరేషను నిజంగా అవసరమైందంటావా?" అంది.

నా గుండెల్లో రాయి పడింది. ఆ రోజు ఫోనులో "సరే అనెయ్యవే తల్లీ" అన్నదాన్ని నేనే మరి!

2020 మే నెల. లాక్‌డౌను. పిల్ల హైదరాబాదులో, పురిటికి తీసుకెళ్ళాల్సిన తల్లి రాజమండ్రిలో. రైళ్ళు లేవు. ఆస్పత్రివాళ్ళేమో, "నొప్పులు వచ్చేదాకా ఆగితే అర్ధరాత్రి బండి దొరక్కపోవచ్చు, కరోనా రిపోర్టు చేతికి రాకపోవచ్చు, తేదీ పెట్టేసుకుంటే నిశ్చింత" అన్నారట. పైగా లోపలికి మొగుణ్ణి కూడా రానివ్వరు. ఒక్కతే పడి గంటల తరబడి నొప్పులు పడాలా, గంటలో ముగించుకోవాలా? పిల్ల హడలిపోయింది. నిజం చెప్పొద్దూ, దానికన్నా నేనే ఎక్కువ హడలిపోయాను.

కరోనా సోకినా సరే, అదొక్కటే సిజేరియన్‌కి కారణం కాకూడదనీ, కాన్పప్పుడు ఆమె కోరుకున్న మనిషి పక్కన ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోజుల్లోనే చెప్పింది. నేను చదివింది ఆ తర్వాత. మనకన్నీ తర్వాతే కదా తెలిసేది!

పోనీ నెపమంతా మహమ్మారి మీదకి నెట్టేద్దామా? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. అక్కడి ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5. ఆంధ్రలో 42.4. దేశం మొత్తం మీద 21.5. మన రెండు రాష్ట్రాల లెక్కలూ తీసింది 2019లో, కరోనా అన్న మాటే మనం ఎరగనప్పుడు! ముహూర్తాలూ, నొప్పుల భయమూ, పేగు మెళ్ళో వేసుకుందన్న బెదురూ మనల్ని అప్పటికే సిద్ధం చేసి పెట్టాయి. కరోనా వచ్చి ఆ బెదురు మీద ఇంకో బెదురు పేర్చింది, అంతే.

ఆపరేషనుని ఆడిపోసుకోవడం లేదు సుమా. మా అమ్మమ్మ అక్క బిడ్డ అడ్డం తిరిగి, రెండు రోజులు యాతనపడి పోయిందట. ఆనాడు కత్తి పట్టే డాక్టరు దొరికుంటే బతికేదే. కావలసినప్పుడు దొరకనిదీ అదే, అక్కర్లేనప్పుడు అంటగట్టేదీ అదే.

నన్ను తొలుస్తున్నది వేరే. రెండు భయాలు చూపించి, ఏది కావాలో ఎంచుకో అంటే, అది ఎంచుకోవడమేనా? కాగితం మీద సంతకం అల్లుడిది. మాట నాది. కోత దానిది. ఇందులో 'సరే' అన్నదెవరో మీరే చెప్పండి.

"నాకు తెలీదే" అన్నాను చివరికి.

"తెలీకుండానే చెప్పావా?"

కోపంగా అనలేదు. అదే ఇంకా బాధ.

ఇప్పుడు దానికి మూడో నెల. మొదటిది కోతయితే రెండోదీ కోతే అని మనవాళ్ళలో స్థిరపడిపోయింది కానీ, అన్నీ అనుకూలిస్తే మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చని డాక్టర్లే చెబుతారు. దాని సంగతేమిటో చూసిన డాక్టరే చెప్పాలి. వచ్చే బుధవారం వెళ్ళాలిట.

"నువ్వూ రా పిన్నీ. పక్కన కూర్చో. అడిగేవన్నీ నేనే అడుగుతాను, నువ్వు మాత్రం నోరెత్తకు" అంది.

వెళ్తున్నాను.