జనసంఖ్యయు, వర్తకుని ధర్మమును

వానను గూర్చి గాని, ధరలను గూర్చి గాని ముందుగా చెప్పగలవారు లేరు. మనుష్యుల వయస్సును గూర్చి మాత్రము చెప్పవచ్చును. 2045లో అరువది యేండ్లు నిండువారందరును 1985లోనే పుట్టియున్నారు. ఇంత నిశ్చయమైన లెక్క వర్తకునికి అరుదు. కావున ఇరువది, ముప్పది యేండ్లకు పెట్టుబడి పెట్టువారు జనాభా లెక్కలను పరిశీలించుట వివేకమే.

జపానును చూడుడు. అచ్చట పుట్టువారు తగ్గి వృద్ధులు పెరిగిరి. ఓజీ హోల్డింగ్స్ అను పెద్ద కాగితపు సంస్థ, ఆ దేశమున పసిపిల్లల డైపర్ల తయారీని మాని, పెద్దల డైపర్లపై దృష్టి నిలిపెదనని 2024లో ప్రకటించెను. జనసంఖ్య ఏ వస్తువు కావలెనో ఇట్లు ముందే తెలుపును.

కాని లాభమును తెలుపునా? జపానులో పనిచేయు వయస్సువారు ఇంకను పెరుగుచున్న 1989లో వాటాల ధరలు శిఖరమునకు చేరెను. ఆనాడు కొన్నవారు ఆ శిఖరమును తిరిగి చూచుటకు 2024 ఫిబ్రవరి వరకు వేచియుండిరి. విచిత్రమేమన, అప్పటికి ఆ దేశ జనాభా పదిహేనేండ్లుగా తగ్గుచుండెను. చైనాలో 2021 వరకు జనాభా పెరిగెను, ఉత్పత్తియు ఎన్నో రెట్లు పెరిగెను. అయినను 2007లో 6,000 దాటిన షాంఘై సూచిక 2024 సంవత్సరాంతమున 3,400 లోపుననే ఉండెను. అందరెరిగిన సంగతికి బజారు ముందే వెల కట్టును. జనసంఖ్య అవసరమును చెప్పును గాని ధరను చెప్పదు.

ఇక ధర్మవిచారము. ఇతరుల వార్ధక్యమును చూచి లాభమును లెక్కించుట దోషము కాదా? ధాన్యపు వర్తకుడు ఆకలి తీర్చియే లాభము పొందును. అందు దోషము లేదు. కరువు రావలెనని కోరి గాదెలకు తాళము వేయువాడే దోషి. వృద్ధులకు మందులు, వసతి, పరిచర్య అమర్చుటకు ధనము పెట్టుట మొదటివాని మార్గము. వారికి వేరు దిక్కు లేదని ఎరిగి వెల పెంచుట రెండవవాని మార్గము. ఈ షరతులకే నా తల్లిని అప్పగింతునా అని ప్రశ్నించుకొన్నచో, మన మార్గమేదో మనకే తెలియును.

మరియొక మాట. ఆ లెక్కలో మనమును ఉన్నాము. ఒక తరము స్థానమును మరియొక తరము నింపుటకు స్త్రీకి సగటున 2.1 మంది సంతానము కావలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము కర్ణాటక, మహారాష్ట్రలలో ఇది 1.7, తమిళనాడు, ఒడిశాలలో 1.8; జైనులలో 1.6 మాత్రమే. అంగడిలో కూర్చుండువాడెవడు, పెద్దల ప్రక్కన కూర్చుండువారెవరు అను ప్రశ్న ప్రతి యింటను రానున్నది. కుమారుడు ఒక్కడే అయి, వాడును దూరదేశమున నున్నచో, మూడు భవనములున్నను గ్లాసెడు నీరందించు చేయి ఉండదు.

కావున కుమార్తెలకును ఖాతాలు నేర్పుదము. పరిగ్రహమునకు పరిమితి విధించుకొని, మిగిలినదానిలో కొంత మన పట్టణములలోని వృద్ధుల పరిచర్యకు కేటాయింతము. ఆ పెట్టుబడికి వడ్డీ ఖాతాలో కనబడదు. కాని మనమందరము వసూలు చేసికొనవలసిన దినము మాత్రము వచ్చును.