గుట్ట రాయి, బావి నీరు

ధ్యాన భాగము: యోహాను 9:1–7



మర్రిగూడ నుండి ఏ దారిన బయలుదేరినను రాతి గుట్టలు మనకు తోడుగా వచ్చును. ఈ రాయి ఎట్లు పుట్టెనని ఎన్నడైనను తలంచితిమా? భూమి లోపల మిక్కిలి లోతున కరిగియున్న రాయి మెల్లమెల్లగా చల్లారి గట్టిపడెను. పైనున్న పొరలు యుగయుగములుగా అరిగిపోగా అది బయలుపడెను. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

పడమటికి ప్రయాణమై వికారాబాదు సీమకు పోయినచో వేరొక రాయి కనబడును. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట నేల చీలికలనుండి పొంగి పారిన లావా ఆరి నల్లరాయి ఆయెను. ఇంకను దూరము పోయి, ఓడపై అండమాను సముద్రము చేరినచో బారెన్ ద్వీపము కలదు. అది సముద్రగర్భమునుండి పైకి లేచిన అగ్నిపర్వతము. చిరకాలము నిద్రించి 1991లో మరల రగిలెను. అక్కడ మనుష్యులు కాపురముండరు. యోహాను పరవాసియైయున్న పత్మాసు ద్వీపము సహితము చాలవరకు అగ్నిపర్వత శిలయే. అట్టి రాళ్లనడుమనే ప్రభువు అతనికి ప్రత్యక్షమాయెను (ప్రకటన 1:9).

ఇప్పుడు మన ఊరికి తిరిగి వత్తము. మన గుట్ట నిప్పులు కక్కదు. గనుక అది మనకేమి కీడు చేయునని అనుకొంటిమి. అయితే ఆ రాతిలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. రాతి పగుళ్లలో బహుకాలము నిలిచిన నీరు దానిని కరగించుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు; కాచినను పోదు. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లపై మచ్చలు పడును, ఎముకలు బిగియును, నడుములు వంగును.

అట్టివారిని చూచి మనమేమి అంటిమి? తల్లిదండ్రుల పాపమని గుసగుసలాడలేదా? పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులును అట్టి ప్రశ్నయే వేసిరి. ప్రభువు ఆ లెక్కను కొట్టివేసి, వానిని సిలోయము కోనేటికి పంపెను. నిందకు బదులుగా నీరు చూపెను. మన యెదుట కుంటుచు వచ్చు సహోదరుని విషయములో కారణము రాతిలోనున్నది, అతని పాపములో కాదు. అతనిపై మాటల రాయి రువ్వినవారమైతే నేడే క్షమాపణ వేడుకొందము.

నేడు కృష్ణా జలము కుళాయిలలో వచ్చుచున్నది, దేవునికి స్తోత్రము. అయినను వంగిన ఎముక మరల చక్కబడదు. కుళాయి రాని దినమున నడవలేని ముసలమ్మ ఇంటికి మంచినీటి బిందె ఎవరు మోయుదురు? పరీక్ష చేయించని బోరు నీటిని పసిబిడ్డకు త్రాగనియ్యకుడి. ఆరాధనకు వచ్చువారిలో క్రింద కూర్చుండలేనివారికి కుర్చీ వేయుడి.

ప్రార్థన: పర్వతములను పుట్టించిన తండ్రీ, మా నోట నింద తీసివేసి, మా చేతికి నీటి బిందె నిమ్ము. ఆమేన్.