సహపంక్తి ప్రయాణము

దానము చేయుట సులభము. ప్రక్కన కూర్చుండుట కష్టము. ఈ మాట విపరీతముగా దోచవచ్చును. ఇటీవల నాకు గలిగిన యొక చిన్న యనుభవము దీని సత్యమును నాకు తెలిపినది గనుక, దానిని మొదట విన్నవించుకొందును.

కర్నూలులో నా కుమారుని యింట కొన్నాళ్లుండి కడపకు మరలి వచ్చుచు, ఎనిమిదేండ్ల మనుమని వెంటబెట్టుకొని ఆర్.టి.సి. బస్సులో పోదమంటిని. ఆ యింట కారు గలదు. కొండారెడ్డి బురుజు కడకు పోవలసినను, రాజవిహారు కూడలికి మందులకై పోవలసినను దానినే బయటికి దీయుదురు. బాలుడు నావంక చూచి, “జేజినాయనా, బస్సులో కారు లేనోళ్లు కదా పోయేది?” అని యడిగెను. ఆ ప్రశ్నలో గర్వము లేదు. పెరిగిన యిల్లు వానికి నేర్పిన లోకజ్ఞానమది. అందుచేతనే అది నాకు ముల్లువలె గ్రుచ్చుకొనినది.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ముగ్గురు కూర్చుండు బల్లపై మేమిద్దరము కూర్చుంటిమి. మూడవచోట నా సంచి నుంచితిని. పైనున్న అరలో దానికి చోటు కలదు, అయినను పెట్టలేదు. మైదుకూరులో కూలి చేసికొను స్త్రీ యొకతె తన ముసలితల్లితో నెక్కి మా ప్రక్కనే నిలుచుండెను. నేను కిటికీవంక చూచుచుంటిని. మనుమడు సంచిని తీసి క్రింద పెట్టెను. ముసలమ్మ కూర్చుండెను. కొంతసేపటికి వాడు నా యొడిలోనికి వచ్చి కూతునకును చోటిచ్చెను. ఆమె తల్లిని కడప పెద్దాసుపత్రికి తీసికొని పోవుచున్నదట. “ముందర చార్జీలకు ఎనకాడి నెలకోసారి పోతాంటిమి సామీ, ఇప్పుడు డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోతాండాం” అని చెప్పినది.

2025 ఆగస్టు 15వ తేదీ నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలు ఉచితముగా ప్రయాణము చేయుచున్నారు. దీనివలన బస్సులు క్రిక్కిరిసిపోయినవని నేను పలుమారు విసుగుకొనినవాడను. ఆ క్రిక్కిరిసినవారిలో ఇంతకాలము చార్జీకి వెనుదీసి యింట నిలిచిపోయిన ముసలితల్లులును గలరని నాడు తెలిసికొంటిని.

మన పెద్దలు సంఘసంస్కరణమునకై సహపంక్తి భోజనములు నడిపిరి. అన్నము పెట్టుట వేరు, ఒక పంక్తిని కూర్చుండి తినుట వేరని వారెరుగుదురు. కరవుసీమయగు మన రాయలసీమలో అన్నదాతలకు లోటు లేదు. 1866 నాటి కరవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి అన్నము పెట్టిరి. ఆయన కీర్తిని జనులు పాటలు గట్టి పాడుకొనిరి. నేటికిని వేసవి వచ్చినంతనే కూడళ్లలో చలివేంద్రములు వెలయును. ఈ ధర్మము గొప్పది. అయినను దాతకును పుచ్చుకొనువానికిని నడుమ అరుగొకటి నిలిచియుండును. బస్సుబల్లకు అట్టి అరుగు లేదు. అచ్చట ఎవరును ఎవరికిని పెట్టరు. అందరును ఒకేచోటికి పోవుదురు.

బల్లపై చోటు స్వల్పవిషయమని తలపకుడు. 1955 డిసెంబరు 1వ తేదీన అమెరికాలోని మాంట్‌గోమరీ పట్టణమున రోసా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ, తెల్లవానికై బస్సులో తన చోటు విడువ నిరాకరించి నిర్బంధింపబడెను. ఆ పట్టణపు నల్లవారు 381 దినములు బస్సెక్క మానిరి. బస్సులలో జాతిభేదము చెల్లదని తుదకు న్యాయస్థానము తీర్పు చెప్పెను. వారు ఒక బల్లకై అంతకాలము నడచిరి. మనమో, ఎవరును పొమ్మనకయే ఆ బల్లను విడిచిపోవుచున్నాము.

“మా డబ్బు, మా కారు, ఇందు ఎవరికి నష్టము?” అని కొందరడుగవచ్చును. గాంధీమహాత్ముడు రైలులో బుద్ధిపూర్వకముగా మూడవ తరగతి పెట్టె నెక్కి, అందలి యిరుకును మురికిని గూర్చి 1917లో పత్రికలకు వ్రాసెను. మొదటి తరగతిలో కూర్చుండియున్నయెడల ఆ మురికి ఆయన కంట బడియుండదు. వ్రాయగలవారును, అధికారులను అడుగగలవారును బస్సును విడిచినచో, విరిగిన బల్లను గూర్చియు రాని బస్సును గూర్చియు గట్టిగా పలుకు నోరు కరవగును. సేవ చెడిన కొలదిని మరికొందరు విడుతురు. తుదకది గత్యంతరము లేనివారికే మిగులును. 1932లో నిజాము రాజ్యమున 27 బస్సులతో మొలచి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా ఎదిగిన యీ వృక్షము మనయందరి సొత్తు. సొత్తుదారులే నీడ విడిచిపోయిన చెట్టుకు నీరు పోయువారెవరు?

వీధి సంగతియు ఆలోచింపుడు. ఒక బస్సు దాదాపు మూడు కార్ల పొడవుండును. అందు ఏబదిమంది పోవుదురు. కడప ఏడురోడ్ల కూడలిలో నిలిచిన మూడు కార్లలోనికి తొంగిచూడుడు. పలుమారు నలుగురైనను కానరారు. త్రోవ అందరిదైనప్పుడు ఒక్కని శరీరమునకు ఇంత చోటు కోరుట న్యాయమా?

ఆక్షేపణలు లేకపోలేదు. మన సీమలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. నీడలేని చోట బస్సుకై నిలుచుట వృద్ధులకును చంటిపిల్లల తల్లులకును శిక్షయే. మన పట్టణములలో ప్రతివీధికిని బస్సు రాదు. పెక్కుచోట్ల పదిమందితో పోవు ఆటోయే దిక్కు. అర్ధరాత్రి రోగి నెక్కించుకొని పరుగెత్తు కారును ఎవరు నిందింపగలరు? కారును అమ్మివేయుడని నేను చెప్పుట లేదు. అవసరమునకు ఉంచుకొనుడు, అలవాటుగా మాత్రము చేసికొనకుడు. వారమునకొక్క దినమైనను, కాలును ఓపికయు గలవారు బస్సునో పదుగురి ఆటోనో ఎక్కుడు. పిల్లలను వెంట గొనిపొండు. వేళకు రాని బస్సును గూర్చి డిపో అధికారికి వ్రాయుడు. ఎండలో నిలిచినవాడు నీడకై అడిగిన మాటకు బలమెక్కువ.

నా సంచి నేటికిని నన్ను సిగ్గుపరచుచున్నది. సంస్కరణమును గూర్చి యేండ్లతరబడి మాటాడినవాడను. ఒక ముసలమ్మకు చోటియ్యవలసివచ్చినప్పుడు కిటికీవంక చూచితిని. నేర్పవలసిన నేను, నేర్చుకొనవలసిన బాలునివలన నేర్చుకొంటిని. నాడు వాని ప్రశ్నకు నేను ప్రత్యుత్తరమీయలేదు. ఇప్పుడైనచో ఇట్లు చెప్పుదును: నాయనా, బస్సులో పోవువారు మన ఊరివారు. మనమును ఆ ఊరివారమే.