పందెం పెరిగితే ఆట పెరుగుతుందా?

సభాపర్వంలో జూదం ఘట్టం వచ్చినప్పుడల్లా మనకి ఒకటే డౌట్. ధర్మరాజుకి పాచికలంటే ఇష్టమే గానీ ఆడటం రాదని శకునే అంటాడు. మరి అంత పందెం ఎలా కాశాడు? పోకర్ గురించి చదువుతుంటే నాకు ఈ ప్రశ్న ఇంకోలా కనిపించింది.

పోకర్‌లో సెంట్లతో ఆడే టేబుల్స్ ఉంటాయి, లక్షల డాలర్లు చేతులు మారే టేబుల్సూ ఉంటాయి. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ ఆటగాళ్లు గట్టివాళ్లే. కింద ఆడేవాళ్లు ఎక్కువగా తమ ముక్కలే చూసుకుంటారు. పైన ఆడేవాళ్లు ఎదుటివాడి దగ్గర ఏ ముక్కలు ఉండొచ్చో లెక్కేస్తారు. కానీ అన్నిటికంటే పై టేబుల్స్‌లో ఈ లెక్క తప్పొచ్చు. సమానమైన ఆటగాళ్లే కూర్చుంటే ఎవరికీ పెద్దగా మిగలదు. అందుకే అక్కడ ఆట చాలాసార్లు బాగా డబ్బుండి, అంత నైపుణ్యం లేని ఒక్కరి చుట్టూ నడుస్తుంది.

డల్లాస్ బ్యాంకర్ ఆండీ బీల్ సంగతి చూడండి. 2001 నుంచి 2006 మధ్య లాస్ వేగాస్‌లో ప్రొఫెషనల్స్‌తో ఆడాడు. పందెం బాగా పెంచేస్తే వాళ్ల చేతులు వణుకుతాయని ఆయన ప్లాన్. వాళ్లు డబ్బులు కలిపి వేసుకుని, ఒక్కొక్కరుగా ఆయనతో తలపడ్డారు. 2004లో ఒక్క రోజులో కోటి డాలర్లకు పైగా గెలిచాడు. 2006లో ఫిల్ ఐవీకి మూడు రోజుల్లో కోటిన్నరకు పైగా పోగొట్టుకున్నాడు.

అంటే పందెం సైజు చెప్పేది ఆట ఎంత వచ్చో కాదు, ఎంత పోయినా తట్టుకోగలమో. మంచి ఆటగాళ్లకి ఇది తెలుసు. టేబుల్ మీదకి తెచ్చే మొత్తానికి కనీసం 20, 30 రెట్లు వెనక లేకపోతే చాలామంది ఆ స్థాయిలో కూర్చోరు.

ధర్మరాజు విషయంలో ప్రతి పందేనికీ స్థాయి పెరిగింది. మణులు, రథాలు, రాజ్యం, తమ్ముళ్లు, తను, చివరికి ద్రౌపది. ఆట మాత్రం అదే. తర్వాత వనవాసంలో బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పి, అక్షహృదయం నేర్పాడు. అలా నైపుణ్యం కొరత తీరింది. మరి తప్పు కూడా తీరిపోయిందా?

లేదు. ఎందుకంటే సభలో ద్రౌపది అడిగింది ఆట గురించి కాదు. ముందు తనని తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. భీష్ముడు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

మనం మాత్రం ఇప్పటికీ 'ఇది స్కిల్ గేమ్ బ్రో' దగ్గరే ఆగిపోతున్నాం. 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఆ తేడానే పక్కన పెట్టింది. అయినా చట్టం సంగతి వేరు, మనస్సాక్షి సంగతి వేరు. నా జీతం నా పేరు మీదే పడుతుంది. కానీ అందులో ఇంటి ఈఎంఐ ఉంది, నాన్న మందులు ఉన్నాయి, చెల్లి ఫీజు ఉంది. అది మొత్తం నేను ఒడ్డడానికి నాదేనా?

గెలిచేవాడికీ ఇదే ప్రశ్న. ఎదుటివాడు టేబుల్ మీద పెట్టింది నిజంగా అతనిదేనా? ఆ సభలో అందరికంటే బాగా ఆట వచ్చినవాడు శకుని. ఈ ప్రశ్న అతను ఒక్కసారి కూడా అడగలేదు.